మన కంచంలో మన వాటా

"అక్కా, నాలుగు కిలోలు తగ్గాను. కానీ పొట్ట అలాగే ఉంది, పైగా ఒంట్లో ఓపిక లేదు." ఈ మధ్య మనలో ఎవరిని కదిపినా ఇదే మాట. రాత్రి అన్నం మానేస్తాం. టిఫిన్ బదులు వేడినీళ్ళలో తేనె, నిమ్మరసం. పెళ్ళికో ఫంక్షన్‌కో వెళ్తే చెయ్యి కట్టేసుకుని కూర్చుంటాం. రెండు నెలలు అలా గడిపాక మెషీన్ మీద అంకె తగ్గుతుంది. ఆ సంతోషం తీరకముందే మెట్లెక్కితే కాళ్ళు పీకడం, దువ్వెనకి జుట్టు రావడం, చిన్న మాటకే కోపం రావడం మొదలవుతాయి. ఏం చేశామని ఈ శిక్ష, చెప్పు?

ఆ నాలుగు కిలోల్లో కొవ్వు ఎంత, కండ ఎంత అని మెషీన్ చెప్పదు కదమ్మా. తిండి ఒక్కసారిగా కోసేసి, ప్రొటీన్ అందకుండా, కండకి పని పెట్టకుండా ఉంటే ఒళ్ళు కొవ్వుతో పాటు కండనీ వాడేసుకుంటుంది. మళ్ళీ మామూలుగా తినడం మొదలుపెట్టగానే కొవ్వు తిరిగొచ్చినంత తేలిగ్గా కండ తిరిగి రాదు. అందుకే ఏడాదికి ఒకసారి డైటింగ్ చేసే మనకి బరువు అక్కడక్కడే ఉన్నా, ఒళ్ళు మాత్రం ఏటేటా మెత్తబడిపోతున్నట్టు అనిపిస్తుంది. అది నీ సోమరితనం కాదు. దారి అలా చూపించారు, అలా నడిచాం. ఇప్పుడు ఇంకో దారి చెప్తాను, ఓపిగ్గా విను.

కొవ్వు తగ్గుతూనే కండ పెరగడం కుదురుతుందా అంటే, కుదురుతుంది. ముందు సన్నబడాలి, తర్వాతే కండ పెంచాలి అని చాలామంది చెప్తారు. ఎప్పుడూ బరువులు ఎత్తనివాళ్ళకి, ఒంట్లో కొవ్వు కాస్త ఎక్కువ ఉన్నవాళ్ళకి, ఒకప్పుడు చేసి మానేసినవాళ్ళకి రెండూ కలిసే జరుగుతాయి. మనలో ఎక్కువమంది ఈ మూడింట్లో ఏదో ఒకదాంట్లోకి వస్తాం. ఇప్పటికే ఏళ్ళ తరబడి జిమ్ చేసి సన్నగా ఉన్నవాళ్ళకి మాత్రం ఇది చాలా నెమ్మది వ్యవహారం. వాళ్ళ సంగతి వాళ్ళ ట్రైనర్ చూసుకుంటారులే.

ఒక్క విషయం మనసులో పెట్టుకో. కొవ్వు కండగా మారదు, కండ కొవ్వుగా మారదు. రెండూ వేర్వేరు. రోజూ ఖర్చయ్యే దానికన్నా కొంచెం తక్కువ తింటే, ఆ లోటు పూడ్చుకోవడానికి ఒళ్ళు దాచుకున్న కొవ్వు తీస్తుంది. అదే సమయంలో బరువులెత్తి కండకి "నీతో పనుంది" అని చెప్పి, కట్టుకోవడానికి ప్రొటీన్ అందిస్తే, కండ కూడా పెరుగుతుంది. లోటు "కొంచెం"గానే ఉండాలి సుమా. రోజుకి 300 నుంచి 500 కేలరీలు చాలు. వెయ్యి కేలరీలు కోసేస్తే త్వరగా అయిపోతుందని ఆశపడకు, అక్కడే కండ పోతుంది.

"నేను సన్నగానే ఉన్నాను కదక్కా, నాకెందుకు ఇవన్నీ" అంటావా? నీకే ముందు చెప్పాలి. పుణెకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ యుడ్కిన్ అనే ఇద్దరు స్నేహితులు 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఫొటోనే వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి వేసే బరువు లెక్క, ఒక్కటే, 22.3. చూడ్డానికి ఇద్దరూ సన్నగానే ఉంటారు. కొలిస్తే ఇంగ్లండ్ ఆయన ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మన ఆయన ఒంట్లో 21.2 శాతం! సన్నటి చేతులు, సన్నటి కాళ్ళు, నడుము దగ్గర మాత్రం పొట్ట. మన ఇళ్ళల్లో ఈ రూపం ఎంతమందికి లేదు? షుగర్ మన దగ్గర అంత తొందరగా పలకరించడానికి ఇదొక కారణం. భారతీయ స్త్రీలకి నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడమంటారు, మగవాళ్ళకి 90. బరువు మామూలుగా ఉన్నా ఈ కొలత దాటిందంటే ఈ ముచ్చట నీకోసమే.

సరే, అసలు సంగతికి వద్దాం. అదే మన కంచం.

ఇంట్లో అందరికీ వడ్డించేది ఎవరు? మనమే. ఆదివారం కోడికూర వండితే ముక్కలు పిల్లల కంచంలోకి, వాళ్ళ నాన్న కంచంలోకి, మామగారి కంచంలోకి వెళ్తాయి. చివర్లో మనం కూర్చునేసరికి పులుసు, రెండు ఎముకలు మిగులుతాయి. పప్పు గిన్నె అడుగంటుతుంది. "నాకు పచ్చడి చాలులే" అని ఆవకాయ కలుపుకుని అన్నం ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తింటాం, ఎందుకంటే ఆకలి తీరాలి కదా. తర్వాత పిల్లలు వదిలేసిన దోసె ముక్క పారేయలేక నోట్లో వేసుకుంటాం. రోజంతా కలిపి చూస్తే అన్నం, నూనె బోలెడు, ప్రొటీన్ చూస్తే పిసరంత. ఎవరూ మనకి పెట్టొద్దని చెప్పలేదు. అడిగితే ఇంట్లో వాళ్ళే "నువ్వూ వేసుకో" అంటారు. అలవాటు మనదే, మార్చుకోవాల్సిందీ మనమే.

ఎంత కావాలో లెక్క వేద్దామా? హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రొటీన్ సరిపోతుంది. అంటే 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. బరువులెత్తుతూ కొవ్వు తగ్గించుకునేవాళ్ళకి అది చాలదు. కిలోకి 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా తీసుకోమని క్రీడా పోషణ నిపుణులు చెప్తారు. అదే 60 కిలోలకి 72 నుంచి 96 గ్రాములు. బరువు బాగా ఎక్కువున్నవాళ్ళు ఇప్పుడున్న బరువుకి కాకుండా, చేరాలనుకుంటున్న బరువుకి లెక్క వేసుకోవాలి.

అంకె చూసి కంగారు పడకు, మన వంటింట్లోనే దొరుకుతుంది. పొద్దున రెండు పెసరట్లు వేసుకున్నావనుకో, అందులో పడే పెసలతో 12, 14 గ్రాములు వస్తాయి. పక్కన ఒక ఉడికించిన గుడ్డు, అది 6. ఇడ్లీ, ఉప్మా రోజుల్లో రెండు గుడ్లు పెట్టుకో. మధ్యాహ్నం పలచటి పప్పుచారు కాకుండా గట్టి పప్పు ఒక కప్పు, 6 లేదా 7. చేపో కోడికూరో ఓ 100 గ్రాములు ఉంటే ఇంకో 20. కప్పు పెరుగు 5, అన్నంలోంచి ఓ నాలుగు. సాయంత్రం గుప్పెడు శనగల గుగ్గిళ్ళు, 6. రాత్రి రెండు పుల్కాలు, గుడ్డు కూర, పడుకునే ముందు గ్లాసు పాలు, అన్నీ కలిపి 18. కూడి చూడు, దాదాపు 80 అయింది. వింత వస్తువు ఒక్కటైనా కొన్నామా?

మాంసం తినని ఇళ్ళు, శనివారాలు, కార్తీక మాసం సంగతి? అప్పుడు మీల్ మేకర్ మన చుట్టం. ఎండు మీల్ మేకర్ 30 గ్రాములు నానబెట్టి కూర చేస్తే 15 గ్రాముల ప్రొటీన్. 50 గ్రాముల పనీర్‌లో 9 గ్రాముల దాకా ఉంటుంది. పెరుగు ఓ కప్పు ఎక్కువ వేసుకో, పెసలు, అలసందలు, శనగలు మార్చి మార్చి పెట్టు. పల్లీలని మాత్రం ప్రొటీన్ పేరు చెప్పి గుప్పెళ్ళకొద్దీ తినొద్దు. 100 గ్రాముల పల్లీల్లో 25 గ్రాముల ప్రొటీన్ ఉన్న మాట నిజమే, కానీ 560 పైచిలుకు కేలరీలు కూడా ఉన్నాయి. పల్లీ చట్నీ పొదుపుగా వేసుకుంటే చాలు.

డబ్బాల్లో వచ్చే ప్రొటీన్ పొడి కొనాలా అని అడుగుతారు చాలామంది. పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో కండ పెంచడం కోసం ఆ పొడులు వద్దనే చెప్పింది. నా మాట కూడా అదే, ముందు కంచం సరిచేద్దాం. తినలేని పరిస్థితి ఉండి డాక్టరో డైటీషియనో వాడమంటే అప్పుడు చూద్దువుగాని.

మరి తగ్గించేది ఎక్కడ? అన్నం శత్రువు కాదమ్మా, దాన్ని తిట్టకు. వండిన అన్నం 100 గ్రాముల్లో 130 కేలరీలే. మూడోసారి వడ్డించుకోవడం మానేస్తే చాలు. కూర, పప్పు ముందు పెట్టుకుని, వాటి పక్కన అన్నం పెట్టుకో. కడుపు తొందరగా నిండుతుంది. నూనె దగ్గర మాత్రం చెయ్యి బిగించాలి. టీస్పూన్ నూనె 45 కేలరీలు. తాలింపులోకి సీసా వంచి పోస్తే నాలుగు స్పూన్లు ఎప్పుడు పడ్డాయో కూడా తెలియదు. స్పూన్‌తో కొలిచి పొయ్యి, అంతే. టీలో చక్కెర, టీతో పాటు బిస్కెట్లు, సాయంత్రం మిర్చిబజ్జీ, వీటిని తగ్గిస్తే చాలు, మనం అనుకున్న 300 కేలరీలు తగ్గిపోతాయి. పండగకి బూరెలు మానొద్దు. పండగ పండగే.

ఇప్పుడు బరువుల సంగతి. "నేను రోజూ గంట నడుస్తున్నాను కదా" అంటావు. నడక మంచిదే, గుండెకి, షుగర్‌కి, మనసుకి. మానొద్దు. కానీ నడకతో చేతులకి, వీపుకి, తొడలకి కండ పట్టదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాల నడకలాంటి శ్రమతో పాటు, కనీసం రెండు రోజులు కండరాలకి బలమిచ్చే వ్యాయామం చేయమని విడిగా చెప్పింది. "ఇంటి పనంతా నేనే చేస్తాను, అది చాలదా?" అని ఇంకో మాట. ఎంత అలసిపోతామో నాకు తెలుసు. చిక్కేమిటంటే, చీపురు బరువు ఈ ఏడాదీ అంతే, వచ్చే ఏడాదీ అంతే. అలవాటైన బరువుకి కండ పెరగదు. మోసే బరువు కాస్త కాస్త పెరుగుతూ పోవాలి.

మగాళ్ళలా కండలు వచ్చేస్తాయేమోనని భయమా? రావు తల్లీ. కండ అంతలా ఉబ్బడానికి సాయపడే టెస్టోస్టిరాన్ మనలో మగవాళ్ళతో పోలిస్తే చాలా తక్కువ. మన కరణం మల్లీశ్వరిని గుర్తు తెచ్చుకో. శ్రీకాకుళం జిల్లా ఆముదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జర్క్‌లో 130 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే, అదీ 69 కిలోల విభాగంలో. ఆవిడ ఏళ్ళ తరబడి పొద్దూ మాపూ సాధన చేసి తెచ్చుకున్న ఒళ్ళది. వారానికి మూడు రోజులు అరగంట చేసే మనకి వచ్చేది బిగువైన చేతులు, నిటారుగా నిలిచే వీపు, నొప్పి తగ్గిన మోకాళ్ళు.

జిమ్‌కి వెళ్ళడానికి మొహమాటమైతే ఇంట్లోనే మొదలుపెట్టు. కుర్చీ ముందు నిలబడి, చేతులు ముందుకి చాచి, నెమ్మదిగా కూర్చుని లే. అదే స్క్వాట్. మోకాళ్ళ నొప్పులుంటే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకో. వంటగట్టు మీద రెండు చేతులు ఆనించి, ఒళ్ళు నిటారుగా ఉంచి, ఛాతీ దాకా వంగి నెట్టు. నేల మీద వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము పైకి లేపు. రెండు సంచుల్లో సమానంగా బియ్యం పోసి చెరో చేత్తో పట్టుకుని, వీపు వంగకుండా తుంటి దగ్గర వంగి లే. అలాగే వంగి ఉండి, మోచేతులు వెనక్కి లాగుతూ ఆ సంచుల్ని పొట్ట దాకా తీసుకురా. చివరగా వాటిని పట్టుకుని హాల్లో అటూ ఇటూ నడువు. ఈ ఆరూ చాలు. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, రెండు మూడు సెట్లు, మధ్యలో ఒకటి రెండు నిమిషాలు ఆగు. ఊపిరి బిగబట్టకు, లేచేటప్పుడు వదులు.

చివరి రెండు సార్లు కష్టంగా అనిపించాలి, కానీ ఒళ్ళు వంకర పోకూడదు. ఆ కష్టమే కండకి కావాల్సిన కబురు. పన్నెండు సార్లు అలవోకగా చేసేస్తున్నావంటే సంచిలో ఇంకో కిలో బియ్యం పోసే రోజు వచ్చిందన్నమాట. పాల లెక్క రాసే పుస్తకంలోనే వెనక పేజీలో ఏ రోజు ఎంత బరువు, ఎన్నిసార్లు అని రాసుకో. రెండు నెలలు గడిచాక డంబెల్స్ కొనుక్కో, లేదంటే జిమ్‌లో చేరు. జిమ్‌లో అందరూ నిన్నే చూస్తారని అనుకుంటావు కదూ? వాళ్ళు అద్దంలో వాళ్ళనే చూసుకుంటూ ఉంటారు. వదులుగా ఉన్న టీషర్టు, ట్రాక్ ప్యాంట్ వేసుకుని, కాళ్ళకి సరైన బూట్లు వేసుకుని వెళ్ళు. ట్రైనర్‌ని మొహమాటం లేకుండా అడుగు, ఫీజు కట్టాం కదా.

చేసిన మర్నాడు ఒళ్ళు నొప్పులొస్తే భయపడి మానేయకు. రెండు మూడు రోజుల్లో తగ్గుతాయి. ఒకే కండకి వరసగా రెండు రోజులు పని పెట్టకుండా, మధ్యలో రోజు వదులు. కీలు లోపల పొడిచినట్టుగా నొప్పి వస్తే మాత్రం ఆగిపోయి డాక్టర్‌కి చూపించాలి.

ఇంత చేశాక మూడో వారంలో మెషీన్ ఎక్కుతావు. అంకె తగ్గకపోగా అరకిలో పెరిగి ఉంటుంది. ఏడుపు ముంచుకొస్తుంది. అక్కడే చాలామంది మానేస్తారు, నువ్వు మానొద్దు. కొత్తగా పని చేస్తున్న కండలు గ్లైకోజెన్ అనే ఇంధనాన్ని దాచుకుంటాయి, ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతో దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. నెలసరి ముందు ఒంట్లో నీరు చేరేది ఎలాగూ ఉంది. ఇదేదీ కొవ్వు కాదు. మెషీన్‌ని పదిహేను రోజులకి ఒకసారి చూస్తే చాలు. దానికన్నా టైలర్ టేపు నమ్ము. పొద్దున్నే పరగడుపున బొడ్డు దగ్గర చుట్టి కొలిచి రాసుకో. బరువు కదలకుండా నడుము తగ్గుతోందంటే మనం కోరుకున్నది జరుగుతోందన్నమాట. పాత జాకెట్టు భుజం దగ్గర బిగుతై నడుము దగ్గర వదులైతే ఇంకేం కావాలి?

నిద్ర సంగతి నేను గట్టిగానే చెప్తాను. రాత్రి పదకొండింటికి గిన్నెలు సర్ది, ఫోన్ చూస్తూ ఒంటిగంట చేసి, పిల్లల క్యారేజీల కోసం ఐదింటికి లేస్తే ఎలా? 2010లో చికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక చిన్న పరిశోధన ప్రచురించారు. అదే మనుషులకి, అదే తక్కువ తిండి పెట్టి, ఒక విడత ఎనిమిదిన్నర గంటలు, ఇంకో విడత ఐదున్నర గంటలు పక్క మీద ఉండనిచ్చారు. రెండుసార్లూ బరువు దాదాపు ఒకేలా తగ్గింది. కానీ నిద్ర తక్కువైనప్పుడు కొవ్వు తగ్గడం సగానికి పైగా పడిపోయి, కండ పోవడం ఎక్కువైంది. గిన్నెలు రాత్రికి సింకులోనే ఉంటాయి, ఏమీ కాదు. లేదంటే ఇంట్లో మిగతావాళ్ళు తోముతారు, వాళ్ళకీ చేతులున్నాయి.

మొదలుపెట్టే ముందు ఒక్క రక్తపరీక్ష చేయించుకో. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, విటమిన్ డి, బి12. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం లేకుండా బరువులెత్తమంటే ఎలా ఎత్తుతాం? ఓపిక లేకపోవడానికి కారణం అదే అయితే ముందు దాన్ని సరిచేద్దాం. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే ఓ గంట ఆగు, తిండిలోని ఇనుము ఒంటికి పట్టనివ్వదు అది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ప్రొటీన్ పెంచకూడదు. బీపీ, గుండె జబ్బు, ఇన్సులిన్, గర్భం, ఈమధ్యే ఆపరేషన్, వీటిలో ఏదున్నా ముందు డాక్టర్ మాటే. ఈ మధ్య బరువు తగ్గించే ఇంజెక్షన్లు తీసుకుంటున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి ఆకలి తగ్గిపోతుంది, తగ్గే బరువులో కండ కూడా పోతుంది. కాబట్టి గుడ్డు, పప్పు, బరువులు వాళ్ళకి ఇంకా ముఖ్యం.

నలభై దాటాక ఇప్పుడెందుకు అనుకోకు. ముప్ఫై దాటిన దగ్గర్నుంచి కండ ఏటా కాస్త కాస్త తరుగుతూనే ఉంటుంది, నెలసరి ఆగాక ఎముకలూ వేగంగా పలచబడతాయి. బరువులెత్తడం ఆ రెండింటికీ అడ్డుపడుతుంది. అత్తగారికి కూడా కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం నేర్పు. బాత్రూమ్‌లో పడిపోయే ప్రమాదం తగ్గుతుంది.

వారానికి మూడు రోజులు, రోజుకి అరగంట. ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పు, ఆ అరగంట తలుపు తట్టొద్దని. రేపటి కూర వడ్డించేటప్పుడు నీ ముక్కలు ముందే ఒక గిన్నెలో తీసి మూత పెట్టు. మొదటి నెల ఏమీ కనిపించదు, అది ఖాయం. మూడు నెలలు వదలకుండా చెయ్యి, టేపు కొలత రాసి ఉంచు, అప్పుడు మళ్ళీ మాట్లాడుకుందాం.